యుద్ధ విమానం కాక్‌పిట్‌లో నిజంగా ఎలా ఉంటుంది? ఎగిరినవారు, ఎగిరించినవారు చెప్పండి

వేపచెట్టు
మా ఇల్లు అల్వాల్‌లో, హకీంపేట వైమానిక స్థావరానికి దగ్గర. ఉదయం బట్టలు ఆరవేసే వేళకు శిక్షణ విమానాలు తల మీదుగా వెళ్తుంటాయి. చప్పుడుకు అలవాటు పడ్డాను కాని, లోపల కూర్చున్న మనిషి ఎలా ఉంటాడన్న కుతూహలం మాత్రం పోలేదు. వీడియోలు చూస్తే సంగీతం తప్ప ఏమీ వినిపించదు. నాకు కావలసినవి చిన్న సంగతులు. లోపల వేడా, చలా? చప్పుడు ఎంత? వేగం తెలుస్తుందా? ముఖానికి మాస్కు, తలకు హెల్మెట్ ఉండగా ముక్కు దురద పెడితే ఏం చేస్తారు? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను.

నిచ్చెన
నేను పైలట్‌ను కాదు. పైలట్ ఎక్కే నిచ్చెన దగ్గర నిలబడేవాణ్ణి. వైమానిక దళంలో టెక్నీషియన్‌గా మిగ్-21 యుద్ధ విమానాల మీద చాలా ఏళ్లు పనిచేసి బయటికి వచ్చాను.

ముందు చోటు గురించి చెబుతాను. కాస్త వెడల్పు భుజాలున్న మనిషి కూర్చుంటే రెండు పక్కలా గోడలు తగులుతున్నట్లే ఉంటుంది. రష్యా విమానాల కాక్‌పిట్ లోపలంతా నీలం, ఆకుపచ్చ కలిసిన ఒక విచిత్రమైన రంగు. కంటికి అలసట తక్కువని ఆ రంగు వేశారంటారు. దాని మీద నల్లని గుండ్రటి మీటర్లు, స్విచ్చులు. మిగ్-21లో ఖాళీగా ఉన్న జానెడు చోటు వెతకాలి.

పైలట్ కూర్చున్నాక నేను పైనుంచి వంగి పట్టీలు బిగించేవాణ్ణి. నడుముకు, భుజాలకు, కాళ్లకు వేరువేరుగా ఉంటాయి. తరువాత ఆక్సిజన్ గొట్టం, జి-సూట్ అనే, మలుపుల్లో ఒంటిని నొక్కి పట్టే దుస్తుల్లోకి గాలి పంపే గొట్టం, రేడియో తీగ. ఇవన్నీ తగిలించాక ఆ మనిషి విమానంలో ఒక భాగమైపోతాడు, మెడ, చేతులు తప్ప పెద్దగా కదలవు. చివరగా సీటు భద్రతా పిన్నులు తీసి, ఎర్ర పట్టీలతో సహా ఆయన కళ్ల ముందు పట్టుకుని లెక్క చూపించాలి. అవి తీశాక కింద ఉన్నది మామూలు కుర్చీ కాదు. లాగితే పేలుతుంది.

వేడి సంగతి రాజస్థాన్‌లో మే నెలలో పనిచేసినవారిని అడగండి. ఎండలో నిలబెట్టిన విమానం లోపలి లోహం చేతితో ముట్టుకోలేం. పైకప్పు అద్దం మూశాక ఇంజన్ బాగా తిరిగేదాకా చల్లగాలి అంతంతమాత్రమే. అంటే కుక్కర్‌లో కూర్చుని ప్రయాణానికి సిద్ధమవడం. నేల వదలక ముందే ఓవరాల్స్ వీపు భాగం తడిసిపోయేది.

ముక్కు దురదకు మాస్కు ఒకవైపు కొక్కెం విప్పి, గోక్కుని, మళ్లీ తగిలిస్తారు. ఒక్క క్షణం పని. మలుపులో ఉన్నప్పుడు మాత్రం ఓర్చుకోవాలి. ఎందుకో పైలట్లు చెబుతారు.

పాత బోధకుడు
నిచ్చెన గారూ, మీలాంటివారు లెక్క చూపించిన పిన్నుల ధైర్యంతోనే ఇన్నాళ్లు ఎగిరాం. నేను మిగ్-21 నడిపాను, తరువాత కిరణ్ శిక్షణ విమానం మీద కుర్రవాళ్లకు పాఠాలు చెప్పాను. వేపచెట్టు గారు రోజూ తిట్టుకున్న విమానాల్లో కొన్ని నావి కూడా కావచ్చు.

చప్పుడు మీకు కింద వినిపించినంత ఉండదు. ఆ ఉరుము ఇంజన్ వెనుకకు చిమ్మేది, మేము దాని ముందు కూర్చుంటాం. లోపల వినిపించేది అద్దం మీద గాలి ఒరుసుకునే హోరు, చల్లగాలి ఊదే చప్పుడు. వాటన్నిటికంటే చెవికి దగ్గరగా వినిపించేది సొంత ఊపిరి. మాస్కులోనే మైకు ఉంటుంది కాబట్టి పీల్చేది, వదిలేది అంతా హెడ్‌ఫోన్లలో తిరిగి వినిపిస్తుంది. కిరణ్‌లో శిష్యుడు, బోధకుడు పక్కపక్కన కూర్చుంటారు. అయినా నేను కుర్రవాడి ముఖం చూసేవాణ్ణి కాదు, ఊపిరి వినేవాణ్ణి. పొట్టిగా, వేగంగా వస్తుంటే వాడికి నా మాట ఎక్కడం లేదని అర్థం. అప్పుడు పాఠం ఆపి, కాసేపు తిన్నగా ఎగరనివ్వాలి.

వేగం గురించి. పది కిలోమీటర్ల ఎత్తున, మేఘాలు కూడా లేని చోట, వేగం అసలు తెలియదు. వేలాడదీసిన గదిలో కూర్చున్నట్లుంటుంది. ధ్వని వేగం దాటినప్పుడు ఏదో మోగుతుందనుకుంటారు. లోపలివారికి ఏమీ వినిపించదు. ఎత్తు చూపే ముల్లు ఒకసారి గెంతి సర్దుకుంటుంది, అంతే. ఆ పిడుగు చప్పుడంతా కిందివారికే.

అదే విమానాన్ని నేలకు వంద మీటర్ల ఎత్తుకు దించండి. గంటకు 900 కిలోమీటర్లంటే సెకనుకు 250 మీటర్లు. ఊరు కనిపించింది అనుకునేలోపు ఊరు లేదు. వేసవి మధ్యాహ్నం నేల నుంచి లేచే వేడిగాలికి విమానం గతుకుల రోడ్డు మీద ఉన్నట్లు దడదడలాడుతుంది. చూపు ఎప్పుడూ చాలా ముందుండాలి. కింద చెట్టు బాగుందని చూస్తే ముందున్న కరెంటు తీగల సంగతి మరచిపోతారు.

సింగరాయకొండ
2022 డిసెంబరులో మా వైపు కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే పరీక్షించారు. యుద్ధ విమానాలు రోడ్డుకు దగ్గరగా వచ్చి తాకకుండానే లేచి వెళ్లిపోయాయి. జనం గట్ల మీద నిలబడి చూశారు. అంత తక్కువలో పైలట్‌కు మేము కనిపిస్తామా?

పాత బోధకుడు
కనిపిస్తారు, కాని జనంగా కాదు. రోడ్డు అంచున ఒక రంగు గీతలా. ఆ సమయంలో పైలట్ చూసేది రోడ్డు మొదలయ్యే చోటు, వేగం, ముక్కు ఎంత ఎత్తి ఉంది, ఈ మూడే. మిగ్-21 అయితే దిగేటప్పుడు ముక్కు పైకెత్తి గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది, ఎదురుగా రన్‌వే సరిగా కనిపించదు. దాని రెండు సీట్ల శిక్షణ విమానంలో వెనుక కూర్చున్న బోధకుడికైతే ముందు చూడటానికి పెరిస్కోపు పెట్టారు. జలాంతర్గామిలో ఉన్నట్లు! ఆ పెరిస్కోపులో చూస్తూ ముందు కూర్చున్న శిష్యుడి ల్యాండింగును నమ్మడం ఒక ప్రత్యేకమైన విద్య.

సందేహి
అంతా బాగానే ఉంది కాని మరీ పెద్దది చేసి చెబుతున్నారేమో అనిపిస్తుంది. అబ్దుల్ కలాం గారు 2006లో 74 ఏళ్ల వయసులో పుణె నుంచి సుఖోయ్-30లో ఎగిరారు. 2009లో ప్రతిభా పాటిల్ గారు, 2023లో తేజ్‌పూర్‌లో ద్రౌపది ముర్ము గారు కూడా. వాళ్లు నవ్వుతూ దిగారు. పైగా ఇప్పటి విమానాలను కంప్యూటర్లే నడుపుతాయి. ఇంకా ఆ కష్టం ఎక్కడుంది?

పాత బోధకుడు
అదే విమానం తిన్నగా ఎగిరితే అంత కష్టం లేదు, నేనూ ఒప్పుకుంటాను. అతిథిని ఎక్కించుకున్నప్పుడు నడిపే తీరు వేరు. కష్టం మలుపులో ఉంది. డాక్టర్ గారు ఎవరైనా ఉంటే అందుకోండి, నేను వివరిస్తే సొంత డబ్బా అంటారు.

నాడి
వైమానిక వైద్యం కొంత చదువుకున్నాను, చెబుతాను.

గట్టిగా మలుపు తిప్పినప్పుడు శరీరం బరువు పెరిగినట్లవుతుంది. మామూలు బరువు ఒక జి. సుఖోయ్-30, రఫేల్ వంటివి తొమ్మిది జి వరకు వెళ్తాయి. 70 కిలోల మనిషి 630 కిలోలవుతాడు. హెల్మెట్‌తో కలిపి ఆరు కిలోలున్న తల 54 కిలోలవుతుంది. చేయి ఎత్తి ముక్కు గోక్కోవడం ఎందుకు కుదరదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

బరువు కంటే అసలు చిక్కు రక్తంతో. మెదడు గుండెకు సుమారు 30 సెంటీమీటర్ల పైన ఉంది. ఒక్కో జి పెరిగేకొద్దీ మెదడు దగ్గర రక్తపీడనం (బీపీ) దాదాపు 22 మిల్లీమీటర్లు పడిపోతుంది. గుండె దగ్గర 120 ఉందనుకుంటే, ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి ఐదు జి దగ్గరకే మెదడుకు రక్తం అందదు. కంటిగుడ్డులో సొంత ఒత్తిడి ఉంటుంది కాబట్టి ముందు చూపు దెబ్బతింటుంది. రంగులు వెలిసిపోతాయి, చుట్టూ చీకటి మూసుకొచ్చి మధ్యలో గొట్టంలోంచి చూసినట్లు మిగులుతుంది, తరువాత అదీ పోతుంది. మనిషికి తెలివి ఉంటుంది, వినిపిస్తుంది, కాని కళ్ల ముందు నలుపే. ఇంకా లాగితే స్పృహ పోతుంది.

జి-సూట్ గాలితో ఉబ్బి పిక్కలను, తొడలను, పొట్టను నొక్కుతుంది. అది ఇచ్చే సాయం ఒకటి, ఒకటిన్నర జి మాత్రమే. మిగతాదంతా మనిషి చేసుకోవాలి. కాళ్లు, పిరుదులు, పొట్ట కండరాలు బిగించి, ఊపిరి పట్టి, మూడు సెకన్లకోసారి ఒక్క గుటకలా గాలి మార్చుకోవాలి. సమయం తప్పితే రక్తం జారిపోతుంది. దీని కోసమే బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థలో పైలట్లను సెంట్రిఫ్యూజ్ అనే, గిర్రున తిరిగే యంత్రంలో కూర్చోబెట్టి తిప్పుతారు. గట్టి మలుపులు ఎక్కువగా చేసినవారి చేతుల మీద, పిరుదుల మీద సన్నని ఎర్ర చుక్కలు వస్తాయి. చిన్న రక్తనాళాలు చిట్లడం వల్ల.

మెదడులో నిల్వ ఉన్న ఆక్సిజన్ నాలుగైదు సెకన్లకే సరిపోతుంది. జి ఒక్కసారిగా పెరిగితే చూపు మసకబారే హెచ్చరిక కూడా ఉండదు, సరాసరి స్పృహ పోతుంది. పోయాక పన్నెండు సెకన్ల దాకా ఏమీ తెలియదు, తరువాత అంతే సేపు అయోమయం. చాలామందికి తాము స్పృహ తప్పామన్న జ్ఞాపకమే ఉండదు. బోధకుడు గారు చెప్పిన సెకనుకు 250 మీటర్ల లెక్క దీనికి కలిపి చూడండి.

తీగల మనిషి
సందేహి గారికి రెండో సగం జవాబు నేనిస్తాను. బెంగళూరులో విమాన ఎలక్ట్రానిక్స్ మీద పనిచేశాను.

కంప్యూటర్ నడుపుతుందన్నది సగం నిజం. తేజస్‌ను కావాలనే అస్థిరంగా రూపొందించారు, చురుగ్గా తిరగడం కోసం. కంప్యూటర్లు లేకపోతే దాన్ని మనిషి పట్టి ఉంచలేడు. అందుకే ఒకే పని చేసే నాలుగు వరుసల వ్యవస్థ పెట్టారు. పైలట్ చేతిలోని నడిపే కర్రను కదిపితే అది రెక్కల పలకలను నేరుగా లాగదు, ఇంత తిరగాలని అడుగుతుంది. కంప్యూటర్ విమానం విరగకుండా, జారిపోకుండా ఆ కోరిక తీరుస్తుంది.

తమాషా ఏమిటంటే పైలట్‌కు పని పెరిగింది ఇక్కడే. పాత విమానంలో గట్టిగా లాగితే విమానమే వణికి, వేగం కోల్పోయి, ఇక చాలని చెప్పేది. ఇప్పటిది అడగగానే క్షణంలో ఇచ్చేస్తుంది. విమానం కంటే ముందు మనిషి ఓడిపోతాడు. ఎఫ్-16 వచ్చిన కొత్తలో అమెరికాలో పైలట్లు స్పృహ తప్పి కూలిన ప్రమాదాలు అందుకే జరిగాయి. దాని సీటును 30 డిగ్రీలు వెనక్కి వాల్చింది కూడా కొంత ఇందుకే. 2014 నుంచి ఎఫ్-16లలో నేలను ఢీకొనే ముందు దానంతటదే పైకి లేచే ఏర్పాటు పెట్టారు. 2016లో ఆరిజోనాలో శిక్షణలో ఉన్న ఒక పైలట్ స్పృహ తప్పితే ఆ ఏర్పాటే విమానాన్ని లేపింది. బోధకుడు రేడియోలో అరుస్తున్న గొంతుతో సహా ఆ వీడియో బయటికి వచ్చింది.

ఇంకొకటి. పైలట్ ఎదుట గాజు పలక మీద పచ్చని అంకెలు, గీతలు కనిపిస్తాయి కదా. అవి గాజు మీద ఉన్నట్లు కాక అనంత దూరంలో ఉన్నట్లు కనిపించేలా కటకాలు అమర్చుతారు. దూరాన ఉన్న విమానాన్ని చూస్తూనే వేగం చదవొచ్చు, కన్ను దగ్గరికీ దూరానికీ సర్దుకోనక్కర లేదు. తేజస్‌కు దాన్ని చండీగఢ్‌లోని సీఎస్ఐఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ తయారు చేసింది.

సందేహి
సరే, మలుపు సంగతి ఒప్పుకున్నాను. కంప్యూటర్ సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.

పాత బోధకుడు
ఆలోచించండి. ఈ లోపు డాక్టర్ గారు వదిలేసిన ముక్క చెబుతాను. అంత బరువు మీద ఉండగా పైలట్ చేసే పని ఊపిరి బిగించడం ఒక్కటే అయితే ఎవరైనా నేర్చుకుంటారు. తల వెనక్కి తిప్పి తోకవైపు ఉన్న ఎదుటివాణ్ణి చూడాలి. మలుపు మొదలయ్యాక తల తిప్పితే మెడ పట్టేస్తుంది. ముందే తిప్పి సీటుకు ఆనించి, అప్పుడు లాగాలి. ఎదుటివాడు రెండు సెకన్ల తరువాత ఎక్కడుంటాడో ఊహించాలి. ఇంధనం ఎంత మిగిలిందో, ఇల్లు ఎటువైపో, ఎత్తు ఎంతుందో తెలిసి ఉండాలి. రేడియోలో మూడు గొంతులు మాట్లాడుతుంటాయి, వాటిలో ఒకటి తనకోసం. ఇదంతా పరిగెత్తుకుంటూ లెక్కలు చేయడం కాదు, పరిగెత్తలేక పడిపోతూ లెక్కలు చేయడం.

ఒత్తిడి పెరిగితే ముందు పోయేది చెవి. కుర్రవాడికి నా మాట వినిపించదు, నిజంగానే వినిపించదు. దిగాక అడిగితే మీరు చెప్పలేదు సార్ అంటాడు, అబద్ధం కాదు. నేల మీద అత్యవసర చర్యలన్నీ ఊపిరి తీయకుండా అప్పజెప్పినవాడికి పైకెళ్లాక రెండోది గుర్తుకు రాదు. అందుకే మేము అంత కంఠస్థం చేయిస్తాం. పైన సగమే మిగులుతుంది, ఆ సగం చాలేటట్లు నింపి పంపాలి.

మలుపు కంటే నాకు మేఘం పెద్ద శత్రువు. తెల్లని దూదిలో దూరాక పై, కింద అన్న మాటలకు అర్థం ఉండదు. విమానం సమంగా ఉన్నా, పక్కకు ఒరిగిందని ఒళ్లంతా చెబుతుంది. మీటర్లు ఒకటి చెబుతాయి, లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది, చెవి గొంతే గట్టిగా ఉంటుంది. ఒళ్లు చెప్పేది వినకుండా ముల్లు చెప్పేది చేయడం శిక్షణలో కష్టమైన భాగం.

నాడి
చెవిలోని అర్ధవృత్తాకార నాళాల పని మార్పును పట్టుకోవడం. నిదానంగా, ఒకే తీరులో సాగే మలుపును కాసేపటికి మలుపుగా గుర్తించవు. ఆ తరువాత సరిచేస్తే ఎదురువైపు ఒరిగినట్లు చెబుతాయి. మలుపులో ఉండగా కింద పడ్డ పెన్సిల్ కోసం తల వంచితే దొర్లిపోతున్నట్లు అనిపిస్తుంది. జలుబు ఉన్న రోజున ఎగరనివ్వకపోవడానికి కూడా చెవే కారణం. ఎత్తు మారేటప్పుడు లోపలి ఒత్తిడి సర్దుకోకపోతే కర్ణభేరి దెబ్బతింటుంది.

గోదావరి గట్టు
మా అమ్మాయి ఇప్పుడు బీదర్‌లో హాక్ విమానం మీద శిక్షణలో ఉంది. ఇదంతా చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి, అయినా చదువుతున్నాను. ఫోనులో అడిగితే "బాగానే ఉందమ్మా" తప్ప ఏమీ చెప్పదు. తను పంపిన ఫోటోలో తల మీది అద్దం నిండా మెలికలు మెలికలుగా గీతలున్నాయి. పగిలిందా? మరొకటి. మా అమ్మాయి పొట్టి. ఈ బరువులు తట్టుకుంటుందా?

నిచ్చెన
అమ్మా, పగలలేదు. అది అద్దానికి అతికించిన సన్నని పేలుడు తాడు. అమ్మాయి సీటు పిడి లాగితే ముందు ఆ తాడు పేలి అద్దాన్ని ముక్కలు చేస్తుంది, వెంటనే సీటు రాకెట్లతో బయటికి దూసుకుపోతుంది. హాక్‌లో మార్టిన్-బేకర్ సీటు ఉంటుంది. విమానం నేల మీద కదలకుండా ఉన్నప్పుడు లాగినా పారాచూట్ విచ్చుకునేంత ఎత్తుకు ఎగరేస్తుంది. ఆ కంపెనీ సీట్లు ప్రపంచంలో 7,000 మందికి పైగా పైలట్లను బతికించాయి. బతికినవారికి కంపెనీ మెడకు కట్టుకునే టై ఒకటి పంపుతుంది.

మీ అమ్మాయి సీటు పిన్నులు తీసే మనిషి ఒకడు ఆమె దగ్గరా ఉంటాడు. ఆ పని మేము ఎలా చేస్తామో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, నిశ్చింతగా ఉండండి.

నాడి
పొట్టిగా ఉండటం ఇక్కడ కొంచెం లాభమే. గుండెకు, మెదడుకు దూరం తక్కువ. పొడుగువారికే ఇబ్బంది. 2016 జూన్ 18న దుండిగల్‌లో యుద్ధ విమాన విభాగంలోకి తొలి ముగ్గురు మహిళలు వచ్చారు. అప్పటి నుంచి చాలామంది నడుపుతున్నారు.

సీటు మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెప్పాలి. బయటికి దూసుకుపోయే క్షణంలో వెన్నెముక మీద పన్నెండు నుంచి ఇరవై జి దాకా పడుతుంది. కొందరికి వెన్నుపూసలు నలుగుతాయి. తల సీటుకు ఆనించి నిటారుగా కూర్చుని లాగినవారికి దెబ్బలు తక్కువ. ఆ భంగిమను అమ్మాయికి నేల మీదే మళ్లీ మళ్లీ చేయిస్తారు.

ఈదురుగాలి
అందరూ మర్యాదస్తులు కాబట్టి నేను అడుగుతాను. మూత్రం వస్తే?

పాత బోధకుడు
మామూలు శిక్షణ ప్రయాణం గంట లోపు ముగుస్తుంది, వెళ్లే ముందే చూసుకుంటాం. దూర ప్రయాణాలకు లోపల పీల్చుకునే పదార్థం ఉన్న సంచీలు ఇస్తారు. అన్ని పట్టీల మధ్య, ఆటోపైలట్ వేసి, దాన్ని ఉపయోగించడం వైమానిక విన్యాసాల్లో చేరుస్తారని ఎప్పుడూ ఆశించేవాణ్ణి. 2020 జులైలో మన తొలి ఐదు రఫేల్ విమానాలు ఫ్రాన్స్ నుంచి అంబాలాకు వచ్చాయి కదా. దారిలో గాలిలోనే ఇంధనం నింపుకుంటూ, అబుదాబి దగ్గర ఆగి, మొత్తం 7,000 కిలోమీటర్లు. మొదటి అంచే ఏడు గంటలకు పైన. అక్కడ శౌర్యం కంటే నడుము నొప్పి ఎక్కువ. కదలని సీటు, గట్టి మెత్త, దాని కింద ప్రాణరక్షణ సామగ్రి పెట్టె.

నిర్వాహకుడు
ఒక మనవి. రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఏ స్క్వాడ్రన్ ఎక్కడుంది, రేడియో వివరాలు, ప్రస్తుత కసరత్తులు ఇక్కడ రాయవద్దు. మిగతా చర్చ కొనసాగించండి.

వేపచెట్టు
అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటే. దిగాక ఏమవుతుంది? సంబరంగా ఉంటుందా?

పాత బోధకుడు
దాహంగా ఉంటుంది. నిచ్చెన దిగేటప్పుడు కాళ్లు మనవిగా అనిపించవు, ముఖం మీద మాస్కు అచ్చు చాలాసేపు ఉంటుంది. తరువాత గదిలో కూర్చుని, రికార్డింగు పెట్టుకుని, ఎవరు ఎప్పుడు ఏం చూశారో, ఏం చూడలేదో సెకను సెకను విప్పుకుంటాం. నలభై నిమిషాలు ఎగిరితే రెండు గంటలు ఇదే. ర్యాంకు బయట వదిలి రావాలి. చిన్నవాడు పెద్దవాడి తప్పు బోర్డు మీద రాస్తాడు. ఎదుటివాడు నాకంటే ముందు నన్ను ఎలా చూశాడన్నది ఆ గదిలోనే తెలిసేది, గాలిలో కాదు.

గోదావరి గట్టు
నాడి గారూ, ఎగిరే రోజు ఉదయం ఏం తినాలో చెప్పండి. మా అమ్మాయి కంగారుగా ఉంటే ఏమీ తినదు, చిన్నప్పటి నుంచి అంతే.

నాడి
ఖాళీ కడుపుతో అసలు వెళ్లకూడదమ్మా. ఒంట్లో చక్కెర తగ్గినా, నీరు తగ్గినా జి తట్టుకునే శక్తి తగ్గుతుంది. ముందు రోజు నుంచే నీళ్లు బాగా తాగాలి. ఉదయం రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. పప్పు, చిక్కుళ్లు, పూరీలు వద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ పొట్టలో గాలి వ్యాకోచిస్తుంది.

పాత బోధకుడు
ఇడ్లీ వరకు ఒప్పుకుంటాను. అరటిపండు మాత్రం డాక్టర్ గారు మలుపుల్లో కడుపు తిరిగిన కుర్రవాడి పక్క సీట్లో కూర్చుని చూశాక చెప్పాలి.

గోదావరి గట్టు
ఇడ్లీ అనే చెబుతాను. రేపు ఆరింటికే ఎగరాలట, ఐదింటికి ఫోను చేసి లేపాలి.